పెంటకుప్ప పాము వేరు, పొలం పాము వేరు

(ఆదివాసీ దినోత్సవం సందర్భంగా పాడేరు ప్రాంత యువతీయువకుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దుట నుంచి మన భాష గురించి, మన థింసా గురించి, భూమి హక్కుల గురించి పెద్దలు మాట్లాడారు. నాకిచ్చిన విషయం వానపాములు. పేరు వినగానే వెనక నుంచి నవ్వు వినిపించింది. నవ్వండి, పర్వాలేదు. మధ్యాహ్నం పూట మీరు నిద్రపోకుండా ఉంటే నాకదే చాలు.

మన ఊళ్లలో సిమెంటు తొట్లు మీరందరూ చూసే ఉంటారు. పైన రేకుల కప్పు, పక్కన ఒక బోర్డు, బోర్డు మీద వర్మీకంపోస్టు యూనిట్ అని రాసి ఉంటుంది. ఇప్పుడు కొన్ని తొట్లలో కట్టెలు దాచుకుంటున్నారు. కొన్నింటిలో కోళ్లు గుడ్లు పెడుతున్నాయి. ఏమైందని అడిగితే ఒకరు "పాములు చచ్చిపోయాయి" అంటారు, ఇంకొకరు "పారిపోయాయి" అంటారు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. వానపాములు చస్తాయి, పారిపోతాయి కూడా. కానీ తొట్టి ఇచ్చినప్పుడు, పాముల సంచి చేతిలో పెట్టినప్పుడు, ఆ జీవి ఏమిటో, ఎక్కడ బతుకుతుందో, ఏం తింటుందో మనకి చెప్పినవాళ్లు తక్కువ. ఆవుని తోలుకొచ్చేటప్పుడు అది ఎంత మేత తింటుంది, ఏ వేళకి నీళ్లు పెట్టాలి అని నాలుగు మాటలు అడుగుతాం కదా. వానపాముని మాత్రం సిమెంటు బస్తాలాగా దించుకున్నాం. మీలో చాలామంది ఇప్పుడు ఈ పనిలోకి దిగాలనుకుంటున్నారని విన్నాను. డబ్బు పెట్టకముందే ఈ జీవితో పరిచయం చేసుకోండి.

వానపాము అన్నా, గాలానికి గుచ్చే ఎర్ర అన్నా, మనకి అన్నీ ఒకటే. నిజానికి మన దేశంలోనే 400కు పైగా రకాల వానపాములున్నాయి. వాటి బతుకు తీరుని బట్టి శాస్త్రవేత్తలు మూడు గుంపులు చేశారు. మొదటి గుంపు నేల మీద పడి కుళ్లుతున్న ఆకులోనూ, పేడలోనూ బతుకుతుంది. మట్టిలోకి దిగదు. రెండో గుంపు మట్టిలోనే ఉంటుంది, మట్టినే తింటుంది, పైకి దాదాపు రాదు. మూడో గుంపు లోతుగా నిలువు బొరియలు చేసుకుని రాత్రిపూట పైకొచ్చి ఆకు ముక్కని లోపలికి లాక్కుపోతుంది.

కంపోస్టు పాములు మొదటి గుంపువి. దున్నేటప్పుడు మడిలో కనిపించేవి మిగతా రెండు గుంపులవి. ఈ ఒక్క తేడా తెలియక జరిగే నష్టం చూడండి. కొందరు మడిలోంచి వానపాములు ఏరి తెచ్చి తొట్టిలో వేస్తారు. వాటికి అక్కడ మట్టి లేదు, ఉన్నదంతా పేడ, చెత్త. నాలుగు రోజుల్లో పోతాయి. ఇంకొందరు కొన్న కంపోస్టు పాముల్ని తీసుకెళ్లి చోడి చేలో చల్లుతారు, నేల గుల్లబారుతుందని. అక్కడ కుళ్లిన చెత్త పొర లేదు, నీడ లేదు. ఎండకి ఎండుతాయి, లేదా పిట్టల పాలవుతాయి. రెండు వైపులా పాముకే చేటు. డబ్బు మనది.

చూసి పోల్చుకోవడం అంత కష్టమేమీ కాదు. పైపొరలో బతికే వాటికి ఒంటి మీద ముదురు రంగు ఉంటుంది, ఎరుపో, ఊదో, గోధుమో. మట్టిలోనే ఉండిపోయేవి పాలిపోయి కనిపిస్తాయి. వెలుతురు పడని చోట వాటికి రంగుతో పనేముంది?

ఇంగ్లండులో డార్విన్ అనే శాస్త్రవేత్త పేరు పాఠాల్లో చదివి ఉంటారు. కోతి నుంచి మనిషి అని మాస్టారు చెప్పేశాక ఆయన్ని మర్చిపోతాం. ఆయన రాసిన చివరి పుస్తకం వానపాముల మీద. అది 1881లో వచ్చింది, మరుసటి ఏడాది ఆయన పోయారు. వానపాములకి చెవులున్నాయా లేవా తేల్చడానికి వాటి ముందు ఈల ఊదించాడు, బూర ఊదించాడు, పియానో వాయించాడు. చలనం లేదు. అదే మట్టికుండీని పియానో మీద పెట్టి ఒక్క మెట్టు నొక్కగానే బొరియల్లోకి దూరిపోయాయి. శబ్దం వాటికి వినపడదు, అదురు మాత్రం ఒంటికి తెలుస్తుంది. ఇంగ్లండులో చాలా చోట్ల ఎకరానికి ఏడాదికి 10 టన్నులకు పైగా మట్టి వాటి కడుపులోంచి వెళ్లి పైకి వస్తుందని లెక్క కట్టింది కూడా ఆయనే. అయితే ఆ లెక్క పొలం పాములది. దాన్ని కంపోస్టు పాముల అమ్మకానికి వాడుకునేవాళ్లు ఉన్నారు కాబట్టి చెబుతున్నాను.

ఇప్పుడు దాని ఒంటి సంగతి. వానపాముకి ఊపిరితిత్తులు లేవు. తడి చర్మం గుండా గాలి పీల్చుకుంటుంది. చర్మం ఎండితే ఊపిరి ఆగినట్టే. అందుకని తడి కావాలి. కానీ తడి ఎక్కువై నీళ్లు నిలిస్తే చెత్త కుళ్లి గాలి అంతా అయిపోతుంది, అప్పుడూ చస్తుంది. మంచినీళ్లలో వానపాము కొన్నాళ్లు బతకగలదు. చంపేది నీళ్లు కావు, గాలి లేకపోవడం. అడుగున కన్నం లేని సిమెంటు తొట్టి వానాకాలంలో ఎందుకు గోరీ అయిపోతుందో దీన్ని బట్టి తెలుస్తుంది. తడి ఎంత ఉండాలంటే, గుప్పెడు ఎరువు తీసి గట్టిగా పిండండి. రెండు మూడు చుక్కలు రావాలి. ధార కడితే ఎక్కువ, చుక్క కూడా రాకపోతే తక్కువ. దీనికి మీటరు అక్కర్లేదు.

కళ్లు లేవు, కానీ చర్మంలో వెలుతురుని పసిగట్టే కణాలున్నాయి. తల వైపు ఇంకా ఎక్కువ. వెలుగు పడితే లోపలికి పోతుంది. ఒంటి మీద ఉంగరాల్లాంటి ఖండితాలు, వాటి మీద కంటికి ఆనని సన్నని ముళ్లు. తోక నుంచి తల వైపుకి వేలు నిమిరితే గరగర తగులుతుంది. రక్తం మనలాగే ఎర్రన. ముందు భాగంలో గుండెలాగా కొట్టుకునే నాళాలు ఐదు జతలు ఉంటాయి ఎర్ర కంపోస్టు పాముకి. నోట్లో పళ్లు లేవు. కోడికి కందనకాయ ఉన్నట్టే దీనికీ ఒక కండ సంచి ఉంటుంది. ఇసుక రేణువుల్ని మింగి, వాటితో తిండిని అందులో నూరుకుంటుంది. బెడ్డులో గుప్పెడు మెత్తని మట్టి చల్లమని చెప్పేది ఇందుకే.

అది ఏం తింటుంది అంటే అందరూ చెత్త తింటుంది అంటారు. సగం నిజం. పచ్చి ఆకుని, పచ్చి పేడని అది ముట్టదు. సూక్ష్మజీవులు, బూజులు మొదట చెత్తని మెత్తబరుస్తాయి. పాము ఆ మెత్తబడిన చెత్తతో పాటు ఆ సూక్ష్మజీవుల్నీ తింటుంది, దాని బలం ఎక్కువగా వాటి నుంచే. అంటే మనం మేపుతున్నది రెండు మందల్ని. కంటికి కనపడని మందని ముందు మేపితేనే కనపడే మంద బతుకుతుంది.

తొట్లు ఖాళీ అవడానికి మొదటి కారణం ఇక్కడే ఉంది. పచ్చిపేడ పోగేస్తే లోపల వేడెక్కుతుంది. 50 డిగ్రీలు దాటుతుంది. చెయ్యి పెట్టి చూడండి, కాలుతుంది. పాముకి 35 డిగ్రీలు దాటితేనే ప్రాణం మీదకి వస్తుంది. పైగా పచ్చి పేడలోంచి, పశువుల మూత్రంలోంచి అమ్మోనియా ఘాటు. నిండా పచ్చిపేడ నింపి, అదే రోజు పాముల్ని వదిలితే, బతికినవి ఆ రాత్రే గోడ ఎక్కి పోతాయి. వాటిని తప్పు పట్టలేం, నిప్పుల కుంపటిలో ఎవరుంటారు? పేడా చెత్తా కలిపి 15, 20 రోజులు వేరే చోట పోగుపెట్టి, రెండు మూడు సార్లు తిరగేసి, చల్లారాక తొట్టిలో వెయ్యాలి. ముందు పది పాముల్ని ఒక మూల వదిలి చూడండి. తెల్లారేసరికి లోపలికి దిగి ఉంటే తక్కినవి వదలొచ్చు. కొత్త బెడ్డు మీద మొదటి రెండు మూడు రాత్రులు చిన్న బల్బు వెలిగించి ఉంచితే పైకి రావు.

రెండో కారణం మన బతుకులోనే ఉంది, దీన్ని ఏ శిక్షణలోనూ చెప్పరు. చింతపండు కాలంలో ఇంటిల్లిపాదీ చెట్ల కిందే ఉంటాం. అదే ఎండలు ముదిరే కాలం. వారం రోజులు బెడ్డుకి తడి లేకపోతే రేకుల కింద ఉడికిపోతుంది. అందుకని ఒక్కరి మీద వదిలేయకుండా రెండు మూడు ఇళ్లు కలిసి వంతులు వేసుకోవాలి. రేకులకంటే గడ్డి కప్పు, కొమ్మల పందిరి చల్లగా ఉంటాయి, ఖర్చూ తక్కువ. ఇంకో మాట, వేదిక మీద పెద్దలు ఏమీ అనుకోవద్దు. ఈ తడి పెట్టేదీ, చెత్త ఎత్తేదీ ఇళ్లల్లో ఎక్కువగా అమ్మలూ అక్కలూ. బోర్డు మీద, పాసుపుస్తకంలో మాత్రం మగవాళ్ల పేరుంటుంది. పని ఎవరిదో పేరూ వాళ్లదే రాయించండి.

శత్రువులు చాలా మందే. చీమలు మొదటివి. బెడ్డు ఆరితే చీమ పడుతుంది, తడి సరిగ్గా ఉంటే రాదు. చుట్టూ చిన్న కాలువ తీసి నీళ్లు నిలిపితే ఇంకా మంచిది. కోళ్లు, పందికొక్కులు, జెర్రులు, కప్పలు... వీటి గురించి మీకు నేను చెప్పక్కర్లేదు, ఒక వల చాలు. ఉప్పు, నూనె, కారం కలిసిన కూరల మిగులు వెయ్యకండి. నిమ్మ తొక్కలు, బూడిద గుప్పలుగా పొయ్యకండి.

ఇక వాటి సంతానం గురించి. వానపాముల్లో ఆడా మగా వేరుగా ఉండవు. ప్రతి పాములోనూ రెండూ ఉంటాయి. అయినా ఎర్ర కంపోస్టు పాములు మామూలుగా ఒంటరిగా పిల్లల్ని కనవు, రెండు పాములు తల ఒక వైపూ తోక ఒక వైపూ పెట్టి ఆనుకుని బీజాన్ని ఇచ్చిపుచ్చుకుంటాయి. తర్వాత రెండూ గుడ్లు పెడతాయి. ఎదిగిన పాము ఒంటి మీద, తలకి కొంచెం కిందగా, మందంగా ఒక పట్టీ కనిపిస్తుంది. దాన్ని క్లైటెల్లమ్ అంటారు. ఆ పట్టీ నుంచి జిగురు ఊరి ఉంగరంలా గట్టిపడుతుంది. పాము వెనక్కి జరుగుతూ చొక్కా విప్పినట్టు ఆ ఉంగరాన్ని తల మీదుగా వదిలేస్తుంది. జరిగే దారిలోనే గుడ్లూ బీజమూ అందులో పడతాయి. బయటికి వచ్చాక రెండు చివర్లూ మూసుకుని చిన్న నిమ్మకాయ ఆకారంలో, ఆవగింజ కంటే కాస్త పెద్దగా ఉండే గుడ్ల సంచి తయారవుతుంది. దాన్ని కకూన్ అంటారు. ఎర్ర పాము కకూన్ సుమారు మూడు వారాలకి పగిలి రెండు మూడు పిల్లలు వస్తాయి. అవి పట్టీ కట్టి ఎదగడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు. అన్నీ కుదిరితే రెండు మూడు నెలల్లో మంద రెట్టింపవుతుంది.

ఇదంతా ఎందుకు చెప్పానంటే, ఎరువు జల్లెడ పట్టేటప్పుడు పసుపు, గోధుమ రంగు గింజల్లాంటివి కనిపిస్తే ఏవో విత్తనాలనుకుని పారేస్తారు. అవి మీ రేపటి మంద. మళ్లీ బెడ్డులో వెయ్యండి. పాముల్ని కొనేటప్పుడు కూడా పట్టీ ఉన్నవి ఎన్ని ఉన్నాయో చూడండి, అవే గుడ్లు పెట్టేవి. తూకంలో పామెంత, పేడెంత అన్నది కూడా చూడండి. పిడికెడు తీసి అరిచేతిలో పరిచి చూస్తే అమ్మేవాడికీ మీకూ ఇద్దరికీ అర్థమవుతుంది.

ఒకటి అడుగుతారు, ప్రతి ఊళ్లోనూ అడుగుతారు. పాముని రెండు ముక్కలు చేస్తే రెండు పాములవుతాయా? అవ్వవు. తోక వైపు కొంచెం తెగితే తల ఉన్న భాగం బతికి తోక పెంచుకోవచ్చు. తోక ముక్క మామూలుగా చస్తుంది. బెడ్డులో పార పెట్టకండి, చేత్తో తియ్యండి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మన దగ్గర అమ్మే కంపోస్టు పాములు ముఖ్యంగా మూడు. ఒకటి ఐసీనియా ఫెటిడా, ఎర్ర పాము. దాని సొంత ఊరు యూరప్ వైపు. ఒంటి మీద ఎరుపు పట్టీ, పసుపు గీత ఒకదాని తర్వాత ఒకటి పులిచారల్లా ఉంటాయి. పట్టుకుని నొక్కితే పసుపు రసం వదులుతుంది, కంపు కొడుతుంది. ఫెటిడా అంటే కంపుది అనే అర్థం. రెండోది యూడ్రిలస్ యూజీనియే, పడమటి ఆఫ్రికా నుంచి వచ్చింది. పొడవుగా, లావుగా ఉంటుంది, ఎక్కువ తింటుంది. మూడోది పెరియోనిక్స్ ఎక్స్‌కవేటస్. ఇది మన దేశానిదే. ముదురు ఊదా రంగు, వెలుతురులో నీలంగా మెరుస్తుంది. ముట్టుకుంటే గిలగిల కొట్టుకుని చేతిలోంచి జారిపోతుంది. పాత పెంటకుప్ప తడిగా ఉన్న చోట తవ్వితే మన ఊళ్లలో కూడా కనపడవచ్చు, వెతికి చూడండి.

ఎర్ర పాముకి 15 నుంచి 25 డిగ్రీలు హాయి. చలికి మందగిస్తుంది గాని తట్టుకుంటుంది. ఆఫ్రికా పాముకి 25 నుంచి 30 మధ్య ఉండాలి. 10 డిగ్రీల దగ్గరకి పడితే దాని పని అయిపోయినట్టే. పెరియోనిక్స్ కూడా వెచ్చదనం కోరేదే. మైదానంలో, అనకాపల్లి వైపు, నర్సీపట్నం వైపు, ఆఫ్రికా పాము బాగా పనిచేస్తుంది. అక్కడ బాగా పనిచేసిందని దాన్నే ఘాటు ఎక్కించి చింతపల్లికి, లంబసింగికి తెస్తే? డిసెంబరు, జనవరిలో మన తెల్లవారుజాములు ఎలా ఉంటాయో మీకు తెలుసు. చూడటానికి కార్లేసుకుని మరీ వస్తున్నారు జనం. ఆ చలికి పాములు చస్తే, ఇక్కడి వాళ్లకి పని చేతకాదు అని పేరు పడుతుంది. పాము ఈ చలికి పుట్టలేదు, అంతే.

మన దగ్గర ఇంకో చిక్కుంది. కాఫీ పండ్లు కోసేది నవంబరు నుంచి. పల్పర్ ఆడించాక తొక్క గుట్టలు గుట్టలుగా మిగులుతుంది. చాలా చోట్ల అది గెడ్డ పక్కనే పడేస్తున్నారు. అది పులిసి, ఆ నీళ్లు గెడ్డలో కలిసి, కింద ఊరివాళ్లు తాగే నీళ్లు వాసన కొడతాయి. ఆ తొక్క మంచి మేత. కాని అది వచ్చేది సరిగ్గా చలికాలంలో. కాబట్టి కొండ మీద కాఫీ ఊళ్లకి నా మాట ఎర్ర పాము. తొక్కని పచ్చిగా వెయ్యకూడదు, పుల్లగా ఉంటుంది, పోగు పెడితే వేడెక్కుతుంది. కనీసం నెల రోజులు నీడలో పోగుపెట్టి, తిరగేస్తూ, పేడ కలిపి చల్లారనివ్వాలి. మూడడుగుల వెడల్పు, అడుగున్నర ఎత్తు దాటకుండా బెడ్డు వెయ్యాలి, ఈ పాములు పై అడుగులోనే తిరుగుతాయి కాబట్టి. రాత్రి చలికి గోనె సంచులు, ఎండు గడ్డి కప్పాలి. చలిలో కొంచెం ఆలస్యమైనా ఇటుకల పండుగ నాటికి ఎరువు చేతికొస్తుంది. విత్తనాలు దేవుడి దగ్గర పెట్టే వేళకి.

ఎరువు తియ్యడానికి నాలుగు రోజుల ముందు తడి ఆపండి. తర్వాత వెలుతురులో చిన్న కుప్పలు పొయ్యండి. వెలుగుకి పాములు అడుక్కి పోతాయి, పై ఎరువు తీసుకోవచ్చు. అయ్యిందో లేదో ముక్కే చెబుతుంది, తొలకరికి తడిసిన మట్టి వాసన రావాలి. వేసినదాంట్లో సుమారు సగం బరువు ఎరువుగా వస్తుంది.

ఇక్కడ ఒక అబద్ధాన్ని మొహమాటం లేకుండా కొట్టెయ్యాలి. పాము ఎరువులో అది లేదు ఇది లేదు అనక్కర్లేకుండా అన్నీ ఉంటాయని సంచుల మీద రాస్తారు. పాము దేన్నీ పుట్టించదు. మనం వేసిన దాంట్లో ఉన్న నత్రజని, పొటాష్‌లను మొక్క తొందరగా అందుకునే రూపంలోకి మారుస్తుంది, గుళికలుగా చేసి నేల తడి నిలుపుకునేలా చేస్తుంది. ఎండు గడ్డి మాత్రమే వేస్తే ఎండు గడ్డి బలమే వస్తుంది. పేడ, పచ్చిరొట్ట, పప్పుజాతి తీగలు కలిపితే ఎరువుకి బలం. మిరియాల పాదులకి, అల్లం మడికి, నారుమడికి వేసి చూడండి. కొండ వాలు మొత్తానికి సరిపోయేంత చెయ్యగలమని మాత్రం ఎవరైనా అంటే, ఎన్ని ఆవులున్నాయని అడగండి.

అడవి గురించి ఒక్క మాట. మిగిలిన పాముల్ని అడవిలో వదలకండి. అమెరికా ఉత్తరాన మంచు యుగంలో మంచు కప్పిన అడవుల్లో వానపాములు లేవు. చేపలకి ఎరగా తెచ్చినవాళ్లు మిగిలిన యూరప్ పాముల్ని చెరువు గట్ల మీద పారేశారు. అవి అడవిలోకి పాకి నేల మీది ఆకు పొరని తినేశాయి. ఆ పొరలో మొలిచే పూల మొక్కలు అక్కడ తగ్గిపోయాయి. మన అడవికి మన పాములున్నాయి, వాటి పని అవి చేసుకుంటున్నాయి.

టైము అయిపోయిందని సైగ చేస్తున్నారు. బయట పనసచెట్టు కింద మూడు తొట్లు పెట్టించాం, మూడు రకాల పాములు ఉన్నాయి. వాటి మీద పేర్లు రాయలేదు. ఏది ఏదో మీరే చూసి చెప్పాలి. చారలు చూడండి, నీలం మెరుపు చూడండి, ముట్టుకుంటే ఎలా కదులుతుందో చూడండి. ఎండలోకి మాత్రం తియ్యకండి. చేతులు కడుక్కునే నీళ్లు పక్కనే ఉన్నాయి, ఆ తర్వాతే భోజనాలు.